అప్పు తెచ్చుకున్న పాట

రాత్రి పదకొండున్నరకు సినిమా మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకు ఆపి మళ్ళీ మొదటికొచ్చాను. ఇంకో ఐదు నిమిషాలకు మళ్ళీ అదే పని. మొదటి సన్నివేశం మూడుసార్లు చూశాకగానీ రెండోదాంట్లోకి అడుగుపెట్టలేకపోయాను. నాకిలా అయి ఎన్నేళ్ళయిందో!

చూడబోతే అందులో జరిగేదేమీ లేదు. పారిస్ ఊరి చివర, ముసురు పట్టిన చలికాలం. బురద నిండిన ఖాళీ జాగా. దూరంగా పెట్టెలు పేర్చినట్టు అపార్టుమెంట్లు. కోటు వేసుకున్న ముప్పై ఏళ్ళ మనిషొకడు అక్కడ ఒంటరిగా ఏదో ఆడుకుంటున్నాడు, తనకు మాత్రమే కనబడుతున్న సినిమాలో తనే హీరో అన్నట్టు. డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించిన 'మూన్‌లైట్ ఫియెస్టా' వినబడుతుంది. వాడు డాన్సు మొదలెడతాడు. పక్కన జోడీ లేదు. చూసేవాళ్ళు లేరు. బూట్ల కింద బురద. ముఖంలో మాత్రం పెద్ద హోటల్లో దీపాల కింద వందమంది ముందు ఆడుతున్నంత ధీమా.

మొదట నవ్వొచ్చింది. రెండోసారి చూస్తే జాలేసింది. మూడోసారికి భయం పట్టుకుంది. ఇంతగా తన ఊహల్లో మునిగిన మనిషి, ఆ ఊహ పగిలిననాడు ఏం చేస్తాడు?

సినిమా పేరు 'సెరీ న్వార్'. దర్శకుడు ఆలాఁ కోర్నో. 1979లో విడుదలై, ఆ ఏడే కాన్ చిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. అంటే ఎవరో అటక మీంచి దింపిన సినిమా కాదు, ఫ్రాన్సులో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. తెలియంది నాకు. ఇప్పుడు కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికే నేనొచ్చే గదిలోంచి లేచి వెళ్ళిపోతున్నారు కాబట్టి, మిగిలింది మీరే.

దీని దగ్గరికి నేను అడ్డదారిన వచ్చాను. కోర్నో మన దేశంలో తీసిన 'నోక్తూర్న్ ఏందియాఁ' ఎప్పుడో చూశాను. తప్పిపోయిన స్నేహితుణ్ణి వెతుక్కుంటూ బొంబాయి, మద్రాసు, గోవా తిరిగే ఒక యూరపు మనిషి కథ అది, 1989 నాటిది. నింపాదిగా, కలలో నడిచినట్టు ఉంటుంది. తర్వాత 1991లో ఆయన తీసిన 'తూ లె మతాఁ దు మోంద్' కూడా అలాంటిదే, పదిహేడో శతాబ్దపు తీగవాద్య విద్వాంసుల కథ. ఇంత నెమ్మదస్తుడు క్రైమ్ సినిమా తీస్తే ఎలా ఉంటుందో చూద్దామని కూర్చున్నాను. పైగా ఫ్రెంచి క్రైమ్ అంటే నా బుర్రలో ఉన్న బొమ్మ మెల్విల్ సినిమాలది. టోపీ, కోటు, సిగరెట్టు, అలాఁ దెలోఁ, మౌనం. నేరం చేసేవాడు ఎంత తక్కువ మాట్లాడితే అంత గొప్పవాడన్నమాట.

ఇక్కడ హీరో నోరు మూయడు! తలుపు దగ్గర మాట్లాడతాడు, కారులో మాట్లాడతాడు, వినే మనిషి లేకపోతే తనతో తను మాట్లాడుకుంటాడు. బతిమాలతాడు, బెదిరిస్తాడు, జోకులేస్తాడు, ఏడుస్తాడు. కొన్నిసార్లు ఈ నాలుగూ ఒక్క ఊపిరిలో.

వాడి పేరు ఫ్రాంక్ పూపార్. ఇంటింటికీ తిరిగి బట్టలూ సామాన్లూ అంటగట్టడం, బాకీలు వసూలు చేయడం పని. వసూలైన దాంట్లో కొంత యజమానికి చేరుతుంది, కొంత ఫ్రాంక్ జేబులోనే ఆగిపోతుంది. ఇల్లు చూస్తే తుడిచి ఎన్నాళ్ళయిందో తెలియదు. భార్య జాన్‌కు వాడి మీదే కాదు, పొద్దున లేవడం మీద కూడా ఆశ చచ్చిపోయింది. ఒకరోజు బాకీ ఎగ్గొట్టిన తికిదెస్ అనే వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి ఫ్రాంక్ ఒక పాడుబడ్డ ఇంటి తలుపు తడతాడు. లోపల ఓ ముసలావిడ, ఆమె మేనకోడలు మోనా. ముసలావిడకు ఇంట్లో వేసుకునే గౌను కావాలి, డబ్బు తీయాలని లేదు. గౌనుకు బదులుగా ఆ పిల్లను బేరానికి పెడుతుంది, కూరల బుట్టలో ఇంకో కాయ వేసినంత మామూలుగా. ఆ పిల్ల మాట్లాడదు. ఫ్రాంక్‌కు కడుపులో దేవినట్టవుతుంది.

సరిగ్గా ఇక్కడే వాడి పతనం మొదలైందని నాకనిపించింది. తప్పుడు పని చేసిన చోట కాదు, జీవితంలో ఒక్కసారి మంచివాణ్ణని తనకు తను అనిపించుకున్న చోట! ఈ పిల్లను కాపాడాల్సింది నేనే, అందుకే పుట్టాను అని నిర్ణయించేసుకుంటాడు. అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళకు నాసిరకం సరుకు అమ్మినవాడు, ఆ రోజు తనకు తను ఒక పెద్ద సరుకు అమ్ముకున్నాడు. కొన్నదీ వాడే కాబట్టి, వెనక్కి ఇవ్వడానికి దారి లేదు.

యజమాని ఫిర్యాదుతో వాడు కటకటాల వెనక్కి వెళ్ళడం, ఎవరో వచ్చి ఆ బాకీ కట్టి విడిపించడం, కట్టిన మనిషి ఎవరు, ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న తలెత్తడం, ముసలావిడ ఇంట్లో దాచిన సొమ్ము సంగతి బయటపడడం దాకా చెబుతాను. ఆ తర్వాతది చెప్పను. కుడితిలో పడ్డ ఎలుకను చూశారా? బయటికి రావడానికి ఎంత తన్నుకుంటే అంత లోపలికి పోతుంది. రెండు గంటల్లోపు సినిమా అంతా ఆ తన్నుకులాటే.

చిన్నప్పుడు మా వీధికి వాయిదాల మీద చీరలమ్మే ఆయన సైకిలేసుకుని వచ్చేవాడు. "డబ్బులెవరడిగారమ్మా, ముందు కట్టుకోండి" అనేవాడు. ఆ మాటలో చీర కన్నా ఎక్కువ నేత ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. మా అమ్మకు అవసరం లేని చీర అవసరమని అనిపించేది. ఆయనకు మాత్రం ఎప్పుడూ ఏ అనుమానమూ లేదు. అది చీర, ఇది పుస్తకంలో రాసుకునే లెక్క, వచ్చేది ఫలానా వారం. అమ్మకం తెలిసినవాడు తన మాటల్ని తను నమ్మడు. ఫ్రాంక్‌కు ఆ ఒక్క విద్యా రాలేదు. వాడి యజమాని స్తాప్లాఁకు వచ్చు. ఆ వేషం వేసిన బెర్నార్ బ్లియేను చూడండి! గుండ్రటి శరీరం, మెత్తటి గొంతు, తండ్రిలా మందలింపు. మందలిస్తూనే మనసులో కూడికలు వేస్తుంటాడు. నిజానికి ఇద్దరూ దొంగలే. స్తాప్లాఁ అబద్ధం ఆడి ఇంటికెళ్ళి భోంచేస్తాడు. ఫ్రాంక్ ఆడిన అబద్ధంలోనే కాపురం పెడతాడు.

నాకు ఫ్రెంచి రాదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాను. కానీ వాడి మాటల్లో ఏదో తేడా చెవికి తగులుతూనే ఉంది. ఒక వాక్యం బజారులోది, పక్క వాక్యం సూటు వేసుకున్న పెద్దమనిషిది, ఇంకోటి పాటలోంచి ఊడిపడ్డట్టుంది. ఉండబట్టలేక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని యానాం వెళ్ళాను. మా అమ్మమ్మ తమ్ముడు అక్కడే ఉంటాడు. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు వాళ్ళ బడిలో అక్షరాలు దిద్దినవాడు. 1954లో ఊరు మన పాలనలోకి వచ్చినా ఆయన నోటినుంచి ఆ భాష పోలేదు. పెద్దాయనకు చూపించగలిగిన ముక్కలే ఏరి, ఫ్రాంక్ తన యజమానితో మాట్లాడేదీ, ఒంటరిగా గొణుక్కునేదీ పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని ఓ పావుగంట విన్నాడు. "ఆపరా" అన్నాడు.

"ఏం తాతయ్యా, అర్థం కావట్లేదా?"

"సగం నాకూ తెలీదురా, అది పారిస్ సందుల్లో భాష. ఆ మిగతా సగం ఉంది చూడూ, అవి సామెతలు, పెద్దోళ్ళు ఉత్తరాల్లో రాసే మాటలు, రేడియోలో చెప్పే మాటలు. అన్నీ తెచ్చి అతికించుకున్నాడు. వీడికి సొంతంగా ఒక్క మాటా లేదేంట్రా?" కాస్త ఆగి అన్నాడు: "అప్పు చేసి పప్పుకూడు."

ఎగిరి గంతేశాను! ఎందుకంటే ఆ మాటలు రాసిందెవరో నాకప్పటికే తెలుసు. కోర్నోతో కలిసి స్క్రిప్టు రాసి, సంభాషణలు సమకూర్చింది జార్జ్ పెరెక్. ఫ్రెంచిలో ఎక్కువగా వాడే అక్షరం 'ఇ' (e) ఒక్కసారి కూడా రాకుండా 1969లో 'లా దిస్‌పారిస్యోఁ' అని నవల మొత్తం రాసిన మహానుభావుడు. మన అవధానాల్లో నిషిద్ధాక్షరి ఉంటుంది కదా, పృచ్ఛకుడు ఫలానా అక్షరం వద్దంటుంటే అవధాని దాన్ని తప్పించుకుని పద్యం నడిపిస్తాడు. పెదవులు తగలని అక్షరాలతోనే నిరోష్ఠ్య కావ్యాలు అల్లినవాళ్ళూ మనకున్నారు. పెరెక్ ఆ జాతి మనిషి. ఉలిపో అనే రచయితల బృందంలో సభ్యుడు. నియమం పెట్టుకుంటే ఊపిరాడని చోట కూడా వాళ్ళు పాట పాడగలరు. ఆయన గొప్ప నవల 'లా వీ మోద్ దాంప్లవా' 1978లో వచ్చింది. మరుసటి ఏడే ఈ సినిమా.

అలాంటివాడికి ఒక మోసగాడి నోరు అప్పగిస్తే ఏం చేశాడు? ఆ నోటి నిండా పాత మాటలు నింపాడు. అరిగిపోయిన సామెతలు, చిలక పలుకులు, ఎవరో వాడి పారేసిన వాక్యాలు. తాతయ్య అన్నట్టు ఫ్రాంక్ దగ్గర సొంత మాట లేదు. అదీ ఒక నిషిద్ధాక్షరే, ఇక్కడ నిషేధించింది వాడి మనసులోని మాటను! అది తప్ప మిగతావన్నీ నోటినుంచి దొర్లుతాయి. కష్టం ముదిరేకొద్దీ మాటలు పెరుగుతాయి, అర్థం తరుగుతుంది. కడుపు మాడేవాడు ఖాళీ గిన్నెలో గరిటె తిప్పినట్టు ఉంటుంది ఆ చప్పుడు.

ఒకసారి ఆ దారం చేతికి దొరికాక సినిమా అంతా దానికే కట్టి కనబడింది. సంగీతమే తీసుకోండి. సన్నివేశానికి తగ్గట్టు వెనకనుంచి వయొలిన్లు ఏడవవు. వినబడేవి ఆ రోజుల్లో రేడియోల్లో మోగిన పాటలే. మనిషి నలిగిపోతుంటే పక్కన ఎవరిదో హుషారు పాట నడుస్తుంటుంది, దానికి వీడి గొడవ పట్టదు. కోర్నో సంగీతం నుంచి సినిమాకు వచ్చినవాడు, జాజ్ అంటే ప్రాణం. సంగీతం తెలియక ఊరుకున్నాడనలేం. వీడికంటూ ఒక పాట ఇవ్వకూడదని ఊరుకున్నాడు. మొదటి సన్నివేశంలో వాడు ఆడింది ఎలింగ్టన్ పాటకు. వాడి మాట అప్పు, పాట అప్పు, హీరోనన్న ఊహ కూడా చూసిన సినిమాల దగ్గర తెచ్చుకున్న అప్పే.

కథ కూడా అప్పుదే! ఓక్లహోమాలో 1906లో పుట్టిన జిమ్ థాంప్సన్ అనే అమెరికన్ రాసిన 'ఎ హెల్ ఆఫ్ ఎ వుమన్' నవల దీనికి మూలం. వచ్చింది 1954లో, చవక అట్టతో. హోటల్లో సామాన్లు మోసే కుర్రాడిగా, చమురు బావుల దగ్గర కూలీగా పనిచేసిన ఆయనకు చిల్లర లేని జేబు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కూబ్రిక్ తీసిన 'ది కిల్లింగ్', 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' సినిమాల రచనలో ఆయన చెయ్యి ఉంది. అయినా 1977లో పోయేనాటికి స్వదేశంలో ఆయన పుస్తకాలు దొరకడమే గగనం. ఫ్రాన్సువాళ్ళు మాత్రం అచ్చేసి చదువుతూనే ఉన్నారు. అక్కడ గాలిమార్ ప్రచురణ సంస్థలో మార్సెల్ దుయామెల్ 1945లో మొదలుపెట్టిన నేర నవలల వరస ఒకటుంది, నలుపూ పసుపూ అట్టలతో. ఆ వరస పేరే 'సెరీ న్వార్'. మాటకు మాటగా చూస్తే నల్ల వరస. ఫ్రెంచి వాడుకలో ఇంకో అర్థమూ ఉంది, ఒకదాని వెంట ఒకటి వచ్చిపడే కష్టాలు. మన గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటిది, కాకపోతే పోటు ఒక్కటితో ఆగదు. ఒక సేల్స్‌మన్ సినిమాకు పుస్తకాల బ్రాండు పేరు పెట్టడంలో ఉన్న కొంటెతనం నాకు రెండు రోజుల తర్వాత వెలిగింది.

నవలలో ఒక తమాషా ఉంది. ఫ్రాంక్ డిలన్ అనే ఆ కథానాయకుడు మధ్యమధ్యలో తన పేరు వెనకనుంచి ముందుకు రాసుకుని, ఆ మారుపేరుతో తన బతుకును వీరగాథలా చెప్పుకుంటాడు. తను ధర్మరాజు, లోకమే పాడు. దాన్ని తెర మీదికి ఎలా తేవాలి? మామూలు దర్శకుడైతే వెనకనుంచి గొంతు వినిపించి ఊరుకుంటాడు. కోర్నో ఒక బురద జాగా చూసి, అందులో వాణ్ణి వదిలి, పాట పెట్టాడు. నవల అధ్యాయాల్లో చెప్పింది సినిమా కాళ్ళతో చెప్పింది. నేను మూడుసార్లు ఎందుకు ఆగిపోయానో అప్పుడు తెలిసింది.

ఇక ఆ కాళ్ళు ఎవరివో చెప్పకుండా ఇంతసేపు ఎలా ఉగ్గబట్టుకున్నానో నాకే ఆశ్చర్యం. పాత్రిక్ దెవేర్! చిన్నప్పుడే తెర మీద కనబడ్డ నటుల ఇంటి పిల్లాడు. 'కఫే ద లా గార్' అనే నాటక బృందంలో రాటుదేలాడు. బెర్త్రాఁ బ్లియే 1974లో తీసిన 'లె వాల్సెజ్' దెవేర్‌నూ, జెరార్ దెపర్ద్యూనూ ఒక్క దెబ్బకు పైకి తెచ్చింది. ఆ బెర్త్రాఁ ఎవరనుకున్నారు? మన స్తాప్లాఁ వేషం వేసిన బెర్నార్ బ్లియే కొడుకే.

దెవేర్ ఇందులో చేసిందాన్ని నటన అంటే నాకు తృప్తిగా లేదు. తలుపు తెరుచుకునే లోపల ముఖాన్ని ఎలా మారుస్తాడో చూడండి. బెల్లు నొక్కేటప్పుడు చచ్చిన ముఖం, గొళ్ళెం చప్పుడు వినగానే దీపం వెలిగినట్టు నవ్వు, తలుపు మూసుకోగానే మళ్ళీ చీకటి. ఒక చోట తట్టుకోలేక తన తలను కారుకేసి కొట్టుకుంటాడు. రేకు చప్పుడు నా పళ్ళలో వినబడింది. ఇంకోచోట భార్యతో గొడవపడుతూ ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆ కోపం మధ్యలో ఒక్క క్షణం, దెబ్బ తగిలిన చిన్నపిల్లాడి చూపొకటి వచ్చి పోతుంది. మనం వాణ్ణి అసహ్యించుకోవాలి, కానీ ఆ చూపు మన దగ్గర బాకీ ఉండిపోతుంది. జాన్‌గా మిరియం బ్వాయే అతనికి ఎదురు నిలబడ్డ తీరు కూడా తక్కువదేం కాదు. ఆమె అలిసిపోయిన కళ్ళు చూస్తేగానీ ఫ్రాంక్ మాటల ఖరీదు ఎవరు కట్టారో తెలియదు.

ఆ ఏటి నటనకు ఫ్రెంచి సినిమాలకిచ్చే సీజర్ అవార్డుల్లో దెవేర్ పేరు పోటీలో ఉంది. బహుమతి క్లోద్ బ్రాసర్‌కు వెళ్ళింది. 1982 జూలైలో, ముప్పై ఐదేళ్ళ వయసులో దెవేర్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. అదే ఏడు మార్చిలో పెరెక్ కూడా జబ్బుతో పోయాడు. ఫ్రాంక్‌కు మాటలు రాసినవాడూ, ఆ మాటలకు ఒళ్ళిచ్చినవాడూ నాలుగు నెలల తేడాతో వెళ్ళిపోయారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫ్రాంక్‌లో దెవేర్ చావును వెతకాలనిపిస్తుంది. అలా వెతకడం ఆ నటుడికి చేసే అన్యాయం. నాలుగోసారి చూసినప్పుడు నాకు కనబడింది లెక్క. ఎక్కడ గొంతు పెంచాలి, ఎక్కడ అడుగు తడబడాలి, ఏ మాట మింగాలి, అన్నీ తూచి వేసిన మనిషి. తను మునిగిపోతూ అలా తూచడం ఎవరివల్లా కాదు. ఆ సినిమాలో అప్పు లేనిది అదొక్కటే. దెవేర్ మొత్తం రొక్కంగా కట్టేశాడు.

మోనా వేషం వేసిన మారీ త్రాంతిన్యాఁ గురించి ఒక మాట. నటుడు జాఁ-లూయీ త్రాంతిన్యాఁ కూతురు. అప్పటికి ఇంకా టీనేజీ దాటలేదు. మోనాకు మాటలు బాగా తక్కువ. మొదట ఇది లోపమనుకున్నాను. అందరూ బేరమాడేది ఈ అమ్మాయి గురించి, ఆమె మనసులో ఏముందో మనకెందుకు చెప్పరు? రెండో సారికి ఆ మౌనం బరువు తెలిసింది. చుట్టూ ఇంత వాగుడు ఉన్న లోకంలో ఆమె ఒక్కదాని దగ్గరే అరువు మాటలు లేవు. ఫ్రాంక్ ఆమెలో చూసింది ఆమెను కాదనీ, తను రాసుకున్న వీరగాథలో ఖాళీగా ఉన్న హీరోయిన్ వేషాన్ననీ ఆ నిశ్శబ్దమే మనకు చెబుతుంది. అయినా ఆమెకు ఇంకో నాలుగు మాటలు ఇచ్చి ఉంటే బాగుండేదన్న కోరిక నాలో పోలేదు. ఇంత పిచ్చి ప్రేమలో కూడా ఈ ఒక్క ఫిర్యాదు దాచుకోలేను.

కెమెరా పట్టింది పియేర్-విలియం గ్లెన్, త్రూఫో సినిమా 'లా న్యూయి అమెరికెన్'కు పనిచేసినవాడు. ఆ వీధులకు ఆయన ఏ అందమూ పూయలేదు. పోస్టుకార్డుల పారిస్ ఒక్క ఫ్రేములో కూడా లేదు. తడిసిన సిమెంటు, బల్బు వెలుగు, నీరసమైన సాయంత్రం. అంత బూడిద రంగులో దెవేర్ ముఖం ఒక్కటే మండుతుంటుంది.

చూడబోయేవాళ్ళకు ఒకే సలహా. రాత్రి చూడండి, ఒక్కరే చూడండి, ఫోను పక్క గదిలో పెట్టండి. మొదటి డాన్సు దగ్గర నవ్వొస్తే నవ్వండి. చివరి సన్నివేశం అయ్యాక వెంటనే మొదటికెళ్ళి ఆ డాన్సు ఇంకోసారి చూడండి. అదే బురద, అదే పాట, అవే అడుగులు. ఈసారి నవ్వగలరేమో మీకే తెలుస్తుంది.

యానాంలో లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటుంటే తాతయ్య వరండాలోంచి పిలిచాడు.

"ఒరేయ్, ఇంతకీ ఆ కుర్రాడి బాకీలు తీరాయా?"

"చెబితే బాగోదు తాతయ్యా. మొత్తం చూస్తావా?"

కాసేపు గోదావరి వైపు చూశాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"పెట్టు. మొదట్నుంచీ పెట్టు. ఆ డాన్సు కాడ్నుంచీ."